నేవియో మోకాలు

ఆ పొద్దున ఆకాశం పైన లేదు, కిందికి దిగి చెరకు తోటల మీద కూర్చుంది. సూర్యుడు వచ్చాడో రాలేదో తెలియని తెల్లదనం. ఎక్కడో కోసిన తోటలో ఆకు తగలబెట్టినట్టున్నారు, ఆ మసి తెల్లదనంలోంచి నెమ్మదిగా రాలుతూ బోధన్ బస్టాండులో నిలబడ్డ నా భుజం మీద, నా బిడ్డ రమ్య చున్నీ మీద నల్లటి పోగుల్లా అతుక్కుంటోంది. నిజామాబాద్ బస్సు ఇంజను నడుస్తోంది. రమ్య కర్ర ఆనించి, పట్టీ కట్టిన కుడి మోకాలు వంగకుండా ముందు ఎడమ కాలు పెట్టి మెట్టెక్కింది. చెయ్యి ఇవ్వబోతే వద్దన్నట్టు తల ఊపింది. బస్సు నిజామాబాద్ చేరడానికి గంట పడుతుంది. చేరాక ఆసుపత్రి, మధ్యాహ్నం లోపల మోకాలికి ఆపరేషన్. ఈ గంటలో నేను నా బిడ్డకు ఒక మాట చెప్పాలి. నిన్న సాయంత్రం నుంచి ఆ మాట నా నోట్లో ఉంది. ఇంట్లో చెప్పలేదు, ఊరి నుంచి బోధన్ దాకా ఆటోలో చెప్పలేదు. చెబితే ఆపరేషన్ ఆగిపోవచ్చు. చెప్పకపోతే జరిగిపోతుంది. రెండింటిలో ఏది జరిగినా దాని బరువు ఈ పిల్ల మోకాలి మీదే పడుతుంది, నా మోకాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి.

కిటికీ పక్కన ఆమె, ఇవతల నేను. కాలు చాపుకోవడానికి చోటు చాలక ఆమె కొంచెం పక్కకు తిరిగి కూర్చుంది, మడమ నా చెప్పు మీద ఆనింది, నేను కదల్చలేదు. కండక్టరమ్మ వచ్చింది. "ఆధార్ సూపియ్యి బిడ్డా. నీకు జీరో. బాపుకు టికెట్." మా వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డ ముసలాయన ఊరుకోలేదు. "ఆడోళ్ళకు సీటు, పైసల్లేవు. మాకు పైసలు, నిలవడుడు. గిదేం లెక్క కండక్టరమ్మా?" "రేపటి సంది నువ్వు గూడ చీర కట్టుకొని రా పెద్దయ్యా, నీకూ జీరో గొడ్త." బస్సంతా నవ్వింది. రమ్య కూడా నవ్వింది, చాలా రోజులకు పళ్ళు కనబడేలా నవ్వింది, ఆ నవ్వు చూసి నా నోట్లో ఉన్న మాట ఇంకా లోపలికి పోయింది. కండక్టరమ్మ పట్టీ చూసి ఆగింది. "కాలుకేమైంది?" "కబడ్డీ ఆడంగ." "అయ్యో. మళ్ళ ఆడుతవా?" "ఆడుత. ఇయ్యాల ఆపరేషన్," అంది రమ్య, అని నా వైపు చూసింది, సరిగ్గానే చెప్పానా అన్నట్టు. ఆ 'ఆడుత' అన్న మాట నాది. ఆమె నోట్లో నేను పెట్టింది. నాకు మాత్రం అది ఎక్కడి నుంచి వచ్చింది, ఏ దేశం నుంచి, ఏ మంచు మీద నుంచి.

బస్సు కదిలింది. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం సగం దాకా కనబడి, పైసగం తెల్లదనంలో లేకుండా పోయింది. ఇక్కడి మంచు పట్టుకుంటే దొరకదు, పొద్దెక్కితే ఉండదు. నేను పనిచేసిన మంచు అలాంటిది కాదు, గునపం వేస్తే గునపం తిరిగి చేతికి తగిలే మంచు. గల్ఫ్‌లో నేనేం పని చేశానో చెబితే మొదట్లో మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. బయట ఎడారి, అందులో అద్దాల బజారు, ఆ బజారు కడుపులో కప్పు కింద ఒక మంచు కొండ. అక్కడ నా పని మంచును సాపు చెయ్యడం. బజారు తలుపులు తెరవక ముందు, పొద్దున పొద్దున్నే, ఏవో దేశాల నుంచి ఆటగాళ్ళు సాధనకు వచ్చేవాళ్ళు. వాళ్ళ కోచ్ చెయ్యి చూపించిన చోట బర్మాతో బొక్క పెట్టి గడ పాతాలి, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది, మళ్ళీ ఎర్రది, కొండ పైనుంచి కింది దాకా వంకర టింకరగా. కాళ్ళకు పొడుగాటి స్కీ పలకలు బిగించుకుని ఆ గడలను ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి చుట్టుకుంటూ కిందికి దిగాలి. ఎవరు ముందు దిగితే వాళ్ళది గెలుపు. ఒక్క గడకు అటువైపు పోవలసిన పలక ఇటువైపు పోయినా ఆ దిగడం లెక్కలోకి రాదు. దాన్ని స్లాలమ్ అంటారు. మంచు గట్టిపడాలని దాని మీద నీళ్ళు కొట్టించేవాళ్ళు నాతో. చెరకుకు నీళ్ళు కట్టినవాణ్ణి, మంచుకు నీళ్ళు కడుతున్నాను, ఏం పండుతుంది ఇందులో అని నవ్వుకునేవాణ్ణి. నాతో పనిచేసే గులాం, వాడిదీ బోధనే, అనేవాడు, "మోకాళ్ళు పండుతయి ముత్తన్నా, సూడు కావాల్నంటె." నిజమే, వచ్చే పిల్లల్లో సగం మందికి మోకాళ్ళ మీద కుట్లే.

నేవియో అలా వచ్చిన పిల్లవాడే. ఇటలీ వాడు, కొండల్లో పాడి పశువులున్న ఇల్లు, మీసం ఇంకా సరిగా రాని వయసు. వాళ్ళ నాన్న పాలు పితికి, ఆ క్యాన్లతోనే వీణ్ణి కూడా బండిలో వేసుకుని పోటీలకు దింపేవాడట. చిన్నోళ్ళ పోటీల్లో గెలిచాడు, పెద్దోళ్ళ జట్టులోకి వచ్చాడు, వచ్చిన ఏడాదే ఎడమ మోకాలిలో నరం తెగింది. కోసి కొత్త నరం వేశారు. నేను చూసినప్పుడు ఆ మచ్చ ఇంకా గులాబీ రంగులో ఉంది. ఒకరోజు ప్యాంటు పైకి లాగి చూపించాడు, వానపామంత మచ్చ, వేలితో ముట్టుకోమన్నాడు. ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఏదో అన్నాడు, నాకు వాడి భాష రాదు, వాడికి నాది రాదు, ఇద్దరికీ ఇంగ్లీషు అంతంత మాత్రం. కాని దిగడానికి ముందు వాడు చేసే పని ఒకటి నాకు మాటలు లేకుండానే అర్థమైంది. పైన నిలబడి కళ్ళు మూసుకునేవాడు. కుడి చెయ్యి ముందుకు చాపి, అరచేతిని ఇటు తిప్పి అటు తిప్పి, కింది దాకా ఉన్న గడలన్నింటినీ ఒక్కొక్కటే చేత్తో దిగేవాడు. పెదవులు కదిలేవి. ఎక్కడ గడలు దగ్గర దగ్గరగా ఉన్నాయో అక్కడ చెయ్యి వేగంగా తిరిగేది. మొత్తం దిగాక కళ్ళు తెరిచి, అప్పుడు కాళ్ళతో దిగేవాడు. ముందు చేత్తో దిగాలి, అది వాడి దగ్గర చూసి నేర్చుకున్నాను, నాకెందుకో తెలియకుండానే.

ఎదురుగా చెరకు ట్రాక్టరు, వెనక రెండు ట్రాలీలు, పైన గడలు పక్కలకు వేలాడుతూ రోడ్డంతా నాదే అన్నట్టు పోతోంది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగి దాని వెనకే నెమ్మదిగా పోనిచ్చాడు. బస్సు గుంతల్లో ఊగిన ప్రతిసారీ రమ్య చెయ్యి మోకాలి మీదికి పోతోంది. కోతల నెల, రోడ్డు పక్క మట్టి బాటల్లో బండ్ల గాడులు మోకాలి లోతు పడి ఉన్నాయి. మొదట పోయిన బండికి బాట సాపుగా ఉంటుంది, వెనక వచ్చే బండి ఆ గాడిలోనే పడి పోవాలి, తప్పించుకుందామంటే బోల్తా. స్లాలమ్‌లో కూడా అంతే. పేరున్నవాళ్ళు ముందు దిగుతారు, వాళ్ళ పలకలు కోసిన గాడిలో వెనక నంబరు వాళ్ళు దిగాలి. నేవియో మొదట్లో వెనక నంబరు, తర్వాత ముందుకు వచ్చాడు, తర్వాత మళ్ళీ వెనక్కి. నా కాంట్రాక్టు అయిపోయి నేను ఇంటికొచ్చి చెరకు పెట్టుకున్నాక కూడా గులాం అక్కడి నుంచి వీడియోలు పంపేవాడు. మా ఇంట్లో చలికాలం సాయంత్రాలు ఫోన్లో మంచు. రమ్య అప్పుడు చిన్నది, నా మోకాలి మీద గడ్డం ఆనించి చూసేది. ఎర్ర గడ వచ్చినప్పుడు ఇటు, నీలి గడ వచ్చినప్పుడు అటు ఒరిగేది, నేను కూడా ఒరిగేవాణ్ణి, నా భార్య గంగామణి పొయ్యి దగ్గర నుంచి చూసి తండ్రికి బిడ్డకు పిచ్చి పట్టిందనేది. వాడి పేరు మా ఆడమనిషి నోట్లో నేవయ్య అయింది. ఊళ్ళో కూడా అదే. "ఏం ముత్తన్నా, మీ నేవయ్య గెలిచిండా?"

ఒక్కసారి మూడో స్థానంలో నిలబడ్డాడు, మెట్ల మీద, మెడలో పతకం. నేను ఊళ్ళో అందరికీ చాయ్ పోయించాను, ఎందుకో చెబితే నవ్వారు, తాగారు. ఇంకొకసారి, పోటీలో రెండుసార్లు దిగాలి కదా, మొదటి దిగుడులో అందరికన్నా ముందున్నాడు. రెండోసారి దిగేటప్పుడు ఇక గెలిచినట్టే అనుకున్నాను, పైనుంచి మూడో గడ దగ్గరే పలక కొస అటు పోవలసింది ఇటు పోయింది. ఎవరూ చూడలేదేమో, ఇంకా దిగవచ్చు, కాని వాడికి తెలిసింది, ఆగి చెయ్యెత్తాడు. "మళ్ళ పడ్డడా మీ నేవయ్య?" అంది గంగామణి. "పడలే. గడ తప్పిండు." "పడకుంట ఓడుడేంది? ఏం ఆట ఇది?" అని ఆమె మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది, రమ్య మాత్రం ఆ చెయ్యెత్తిన బొమ్మను ఆపి చాలాసేపు చూసింది. తర్వాత కుడి మోకాలు. తర్వాత మళ్ళీ ఎడమది. మూడుసార్లు కోత, మూడుసార్లు తిరిగి రావడం. వచ్చిన ప్రతిసారీ నంబరు వెనక్కి పోయింది, గాడి లోతైంది, వాడి ముఖం ఎండిన చెరకు కణుపులా గట్టిపడింది. అప్పుడు నేను ఆ ముఖాన్ని పట్టించుకోలేదు. నేను చూసింది మూడుసార్లు లేవడం మాత్రమే.

ఎడపల్లిలో బస్సు ఆగింది. ఒక ఆడమనిషి కిటికీ దగ్గరికి గంప ఎత్తింది. "జామకాయలు బిడ్డా, తియ్యటియి, తోటల్నుంచి ఇప్పుడే తెంపుకొచ్చిన." రమ్య వాటి వైపు చూసి తల తిప్పుకుంది. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదు, తింటే ఈ రోజు ఆపరేషన్ చెయ్యరు, మత్తుమందు ఇచ్చినప్పుడు ప్రమాదం. ఆమె తినలేదని నేనూ తినలేదు. గంగామణి ఇంటి దగ్గర బర్రెలను చూసుకుని మాపటి బస్సుకు వస్తానంది, ఆమె కూడా పొయ్యి వెలిగించలేదు, "బిడ్డ కడుపు ఖాళీగ ఉండంగ నాకు బుక్కెట్ల దిగుతది" అంది. రమ్య బయలుదేరే ముందు వాళ్ళమ్మ ఆమె జడ తనే వేసింది, చిన్నప్పుడు వేసినట్టు బిగుతుగా, కూతకు పోయినప్పుడు ఎదుటివాళ్ళకు అందకుండా. వెయ్యడం అయ్యాక గుర్తొచ్చింది కాబోలు ఇవాళ కూత లేదని, చేతులు కాసేపు ఆ జడ మీదే ఉన్నాయి.

కబడ్డీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. బడి వెనక నల్లరేగడి నేలలో, ఉత్త కాళ్ళతో, మగపిల్లలతో మొదలుపెట్టింది. చందూర్‌లో మండలం పోటీలకు పోయిననాడు చూశాను. కూతకు పోయి, ఎడమకు పోతున్నట్టు ఒళ్ళు వంచి, పాదం నేలకు గుచ్చి కుడికి తిరిగేది. పట్టబోయిన చేతులు గాలిలోనే ఉండేవి. నాకు అది ఎక్కడో చూసినట్టుంది. ఎర్ర గడ, నీలి గడ. ఎవరికీ చెప్పలేదు, లోపల లోపల పొంగాను. రవీందర్ సార్ అని వాళ్ళ కోచ్, "పిల్లను నాకు అప్పజెప్పు ముత్తన్నా, రాష్ట్రం జట్టుల ఆడిపిస్త, పోలీసు నౌకరికి ఆటల కోటా ఉంటది" అన్నాడు. అప్పజెప్పాను. జక్రాన్‌పల్లిలో పోటీలకు నేల మీద రబ్బరు మ్యాట్ పరిచారు, కాళ్ళకు బూట్లు వేసుకోవాలన్నారు. మట్టి మీద తిరిగిన పిల్ల. మట్టి పాదానికి కొంచెం లొంగుతుంది, గుచ్చిన పాదంతోపాటు తనూ తిరుగుతుంది. మ్యాట్ తిరగదు. బూటు పట్టుకుంది, ఒళ్ళు తిరిగింది, మధ్యలో మోకాలు మిగిలింది. నేను తాడు ఇవతల నిలబడి ఉన్నాను, చప్పుడు వినబడింది, చెరకు గడ విరిచినప్పుడు వచ్చే చప్పుడు. ఆమె అరవలేదు. చెయ్యెత్తింది.

నిజామాబాద్‌లో డాక్టరు మంచి మనిషి, తొందర పెట్టలేదు. "ఆపరేషన్ లేకున్నా నడవొచ్చు, కసరత్తు చేస్తే పొలం పని కూడా చేసుకోవచ్చు. కబడ్డీ ఆడాలంటే మాత్రం కొత్త నరం వెయ్యాలి. ఏడాది కష్టపడాలి. మళ్ళీ తెగదని మాత్రం నేను చెప్పలేను," అన్నాడు. రమ్య మొదటి మాట నాకు చెవిలో ఉంది. "వద్దు బాపు. ఇంటికి పోదాం. నాకు భయమైతాంది." ఆ మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సిందా, ఆగలేదు, ఏ తండ్రయినా భయపడ్డ బిడ్డను భయంతో వదిలేస్తాడా అనుకున్నాను, అప్పుడు తీశాను నేవియోను. రోజూ తీశాను. పాలు పితికేటప్పుడు, అన్నం దగ్గర, ఆమె మంచం పట్టె మీద కూర్చుని. మూడుసార్లు తెగింది, మూడుసార్లు లేచిండు, ఇంక ఆడుతనే ఉన్నడు. వీడియోలు చూపించాను. మాట్లాడని మనిషిని నేను, అన్ని మాటలు నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఒకరోజు ఆమే అంది, "సరె బాపు, చేపిచ్చుకుంట." నేను గెలిచానని అనుకున్నాను. ఎవరి మీద?

నిన్న మా తోటలో కోత. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు కోసి మోపులు కడుతున్నారు, గట్టు మీద కూర్చుని ఫోన్లో పోటీ పెట్టుకున్నాను. నేవియో నంబరు చాలా వెనక. అప్పటికే బాటంతా గాడులు. పైన కళ్ళు మూసుకున్నాడు, చెయ్యి తిప్పాడు, దిగాడు. సగం దాకా బాగానే దిగాడు. పడలేదు, గడ తప్పలేదు. ఉన్నట్టుండి నిటారుగా నిలబడ్డాడు. గడల బాట నుంచి పక్కకు జరిగి, నెమ్మదిగా, మార్కెట్ నుంచి ఇంటికి పోయేవాడిలా కిందికి జారుతూ వచ్చి పలకలు విప్పేశాడు. తర్వాత మైకు ముందు నిలబడి మాట్లాడాడు, ఫోన్ కింద తెలుగులో అక్షరాలు వచ్చాయి. ఆట అయిపోయింది అన్నాడు. పొద్దున మెట్లు దిగలేను, నా బిడ్డను ఎత్తుకుని దిగాలంటే భయం వేస్తుంది అన్నాడు. అప్పుడు వాడన్న మాట నాకు అచ్చుగుద్దినట్టు గుర్తుంది. "తిరిగి రావడం ఎలాగో నాకు అందరూ నేర్పారు. ఆగవచ్చు అని ఒక్కరూ అనలేదు. మా నాన్న కూడా. అన్నా నేను ఆగేవాణ్ణి కాదేమో. కాని అప్పుడు తిరిగి రావడం నా ఇష్టం అయ్యుండేది." మా నాన్న కూడా. పాల క్యాన్లతో బండి నడిపిన ఆ తండ్రి ఎక్కడో కొండల్లో ఇది విని ఉంటాడు. ఇక్కడ చెరకు గట్టు మీద నేను విన్నాను. కూలీ ఒకతను మోపు దించి నా ముఖం చూసి, "కాయ్ ఝాల, భావు?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను.

ఏమీ కాలేదు, బస్సు ఆగింది, జానకంపేట దాటకముందే రైలు గేటు పడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం, తెల్లదనం కిటికీల దాకా వచ్చింది. కొందరు దిగి బీడీలు వెలిగించారు. చెప్పకపోతే ఏమవుతుంది అనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది, ఇటలీలో ఎవరో ఆట మానేస్తే నిజామాబాద్‌లో ఎవరికి పట్టింది. కోస్తారు, కుట్లు వేస్తారు, ఏడాది తర్వాత ఆడుతుంది, నౌకరీ వస్తుంది, అప్పుడు చెప్పవచ్చు, నవ్వుతూ చెప్పవచ్చు. లేదా మళ్ళీ తెగుతుంది. మళ్ళీ తెగితే నేను మళ్ళీ నేవియోను తీస్తానా, మూడోసారి కూడా తీస్తానా, చివరికి ఈ పిల్ల ఏ మైకు ముందు నిలబడి మా బాపు కూడా అంటుంది, మైకు ఎవరిస్తారు ఆమెకు, మెట్ల మీద నిలబడి తనలో తనే అనుకుంటుంది, నాకు వినబడదు. మరి చెప్పి, ఆమె ఆగిపోయి, ఆగిన కాలంతా ఆ మ్యాట్ వైపు చూస్తూ బతికితే? రవీందర్ సార్‌కు ఏం చెప్పాలి. గంగామణికి ఏం చెప్పాలి, ఆమె మొదటి నుంచీ వద్దన్నది, నేనే ఆమె నోరు మూయించాను. రమ్య వైపు తిరిగాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్ర కాదు. కుడి చెయ్యి ఒడిలో, అరచెయ్యి ఇటు తిరుగుతోంది, అటు తిరుగుతోంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేని కూత. ఎవరినో ముట్టుకుంటోంది, ఎవరికో అందకుండా తిరుగుతోంది, గీత దగ్గరికి వస్తోంది. కాళ్ళతో ఆడలేని పిల్ల చేత్తో ఆడుతోంది. దాన్ని మధ్యలో ఆపాలా. గీత దాటేదాకా ఆగాను. చెయ్యి ఒడిలో పడ్డాక పిలిచాను.

"బిడ్డా."

"ఊఁ."

"నేవియో బంద్ జేసిండు."

కళ్ళు తెరిచింది. "ఏం బంద్ జేసిండు?"

"ఆట. నిన్న. సగం దిగి నిలవడ్డడు."

"పడ్డడా? మళ్ళ మోకాలా?"

"పడలే. నిలవడ్డడు." తర్వాత వాడన్న మాటలన్నీ చెప్పాను, వరుసగా, ఒక్కటి వదలకుండా, మెట్ల మాట, బిడ్డ మాట, నాన్న మాట. చెబుతున్నంతసేపు ఎదుటి సీటు వెనక తుప్పు పట్టిన మేకును చూస్తున్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నిన్ననే ఎరుకా నీకు?"

"ఎరుకే."

"మరి గిప్పుడు జెప్తున్నవేంది? రైలు గేటు కాడ?"

ఆమె గొంతు పెరిగింది, ముందు సీటు ఆయన వెనక్కి తిరిగాడు. "ఇన్నొద్దులు లేసిండు లేసిండు అంటివి. మూడుసార్లు లేసిండు అంటివి."

"లేసిండు. గది నిజమే. గిది గూడ నిజమే."

"ఇప్పుడేమంటవ్ మరి? వద్దంటున్నవా?"

"వద్దంటలే. ఆగొచ్చు అంటున్న. ఆగుమంటలే."

"రెండిట్లకు ఫరక్ ఏంది బాపు?"

"ఆగుమంటే నా మాటయితది. ఆగొచ్చు అంటే నీ ఇష్టమయితది. చేపిచ్చుకున్నా నీ ఇష్టమే. నేను నీ ఎంబడే ఉంట, ఎటుబడితే అటు."

రైలు వచ్చింది. ఆ తెల్లదనంలో పెట్టెలు కనబడలేదు, కిటికీల వెలుతురు మాత్రం ఒకదాని వెనక ఒకటి పోయింది. గేటు లేచింది, బీడీలు పారేసి అందరూ ఎక్కారు, బస్సు కదిలింది. రమ్య తల కిటికీకి ఆనించింది. ఏడుస్తోందేమో అనుకున్నాను, ముఖం అటు ఉంది, జడ మాత్రం కనబడుతోంది. ఆమె మడమ నా చెప్పు మీద నుంచి ఎప్పుడు తీసుకుందో తెలియదు. చెప్పినందుకు తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఇన్నాళ్ళూ నేవియో కథ అంతా చెబుతున్నానని అనుకున్నాను, చెప్పింది సగమే, మిగతా సగం అప్పుడు నాకూ తెలియదు. ఇప్పుడు మొత్తం చెప్పాను, మొత్తం చెప్పి నా బిడ్డను ఏం చెయ్యాలో తెలియని పిల్లను చేశాను. ఊరి అంచున మిల్లులు వచ్చాయి, బండ్లు వచ్చాయి, తెల్లదనం పలచబడి గోడల మీది రాతలు చదవడానికి వీలైంది, ఇక ఐదు నిమిషాల్లో బస్టాండు, ఆసుపత్రికి ఆటో, లోపలికి పోగానే అడుగుతారు, ఏమైనా తిన్నారా అని. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు.

బస్సు ఆగాక అందరూ దిగేదాకా కూర్చుంది. తర్వాత లేచి, ఈసారి నా చెయ్యి పట్టుకుని దిగింది. ఆటోవాళ్ళు చుట్టుముట్టారు, "ఏడికి పెద్దమనిషీ, దవాఖానకా?" కర్ర చూసి వాళ్ళకు అర్థమైపోయింది. నేను నోరు తెరిచేలోపల రమ్య వాళ్ళ మధ్య నుంచి పక్కకు నడిచింది, ఆటోల వైపు కాదు. ఒక్కొక్క అడుగే వేస్తూ, ఎవరికీ తగలకుండా, ఒకరికి ఇటు ఒకరికి అటు తప్పుకుంటూ బస్టాండు హోటలు దాకా పోయి, గుమ్మం పక్క బల్ల మీద కర్ర ఆనించి కూర్చుంది. వెనకే పోయాను. ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ మోగింది, రవీందర్ సార్. మోగనిచ్చాను.

"ఇయ్యాల గాదు బాపు," అంది, బల్ల మీది తడిని వేలితో గీస్తూ. "రేపేమంటనో నాకెరుకలే. మళ్ళొచ్చి చేపిచ్చుకుంటనేమో. ఇయ్యాల మాత్రం నాకు ఆకలైతాంది."

నేను అనడానికి ఉన్న మాటలన్నీ బస్సులోనే అనేశాను. ఆమె ముఖంలో కోపం ఉందో, ఇంకేమైనా ఉందో నాకు తెలియలేదు, ఎండలో ఉన్న నేలను చూసి లోపల తడి ఎంతుందో చెప్పగలను, ఆ ముఖాన్ని చూసి చెప్పలేకపోయాను. ఆమే పిలిచి రెండు ప్లేట్లు పూరి చెప్పింది. వచ్చాయి, పొంగి, పొగలు కక్కుతూ. ఆమె మొదటి పూరిని చిదిమింది, ఆలుగడ్డ కూరలో ముంచింది, నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మింగేటప్పుడు గొంతు కదలడం చూశాను. అది లోపలికి దిగాక ఇక ఈ రోజుకు వెనక్కి లేదు. నీళ్ళ గ్లాసు ఎత్తి సగం తాగి కింద పెట్టింది. రెండో పూరి తీసుకుంటూ, నేను ఇంకా మొదలుపెట్టలేదని చూసి, నా ప్లేటును వేలితో నా వైపుకు జరిపింది. తిన్నాను. ఇద్దరం తలలు వంచుకుని, బయట బస్సులు వస్తూ పోతూ ఉండగా, ప్లేట్లు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.